ఎపిలెప్సీ, ఒక బీగాల గుత్తి

నాకు స్పృహ వచ్చేసరికి చేతిలో ఎవరో ఒకరి తాళాలు ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. మా నాయన అంగడి తాళాలు, పక్కింటాయన స్కూటరు తాళం, ఒక పెళ్ళిలో వంటవాళ్ళ గరిటె. ఒకసారి పుంగనూరు బస్టాండులో లేచేసరికి చేతిలో కొబ్బరిబొండాలు కొట్టే కత్తి ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్న మనిషి గుప్పిట్లో కత్తి పెట్టిన ఆ మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఊరుకోను.

ఇనుము తగిలితే ఫిట్స్ ఆగుతుందని మా వైపు అందరి నమ్మకం. ఆగుతుంది కూడా. ఎందుకంటే అది కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. ఆ సమయంలో చేతిలో ఇనుము పెట్టినా ఆగుతుంది, ఇడ్లీ పెట్టినా ఆగుతుంది. కానీ తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న అవ్వ లాగా, తాళాలు పెట్టినాయనకు తానే నా ప్రాణం కాపాడానన్న ధీమా. ఏళ్ళ తరబడి ఆ ధీమాను నేను భరించాను.

అంతా అయ్యాక అసలు తంతు మొదలవుతుంది. తాళాలు పెట్టినాయన నా తల దగ్గరే నిలబడి ఉంటాడు. మనిషి తేరుకుందా లేదా అని కాదు, తాళాలు ఎప్పుడు వదులుతుందా అని. నా పిడికిలి బిగుసుకుని ఉంటుంది కాబట్టి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి లాక్కుంటారు. లోకం నాకు మళ్ళీ తెలిసేది అక్కడే. ఎవరో నా వేళ్ళు విప్పుతున్నారు, నాలుక మండుతోంది, తల పగిలిపోతోంది, చుట్టూ కాళ్ళు. ఆడపిల్లను నేలమీద పడేసి భుజాలు ఒకరు, మోకాళ్ళు ఒకరు అదిమి పట్టుకుని, ముక్కు దగ్గర ఎవడో విప్పిన చెప్పు పెట్టి, దానికి సాయం అని పేరు. జబ్బు మీద నాకంత కోపం లేదు. ఈ చేతుల మీద ఉంది.

మా నాయనది పుంగనూరులో ఇనుప సామాన్ల అంగడి. గడ్డపారలు, పారలు, కొడవళ్ళు, మొలలు, ఆవులను కట్టేసే గొలుసులు. మా ఇంటి గడపకు గుర్రపు లాడం, దొడ్డి తలుపుకు ఇంకో లాడం. నేను పుట్టిందీ పెరిగిందీ ఇనుములోనే. మొదటిసారి ఫిట్స్ వచ్చింది కూడా ఆ అంగట్లోనే, మొలల మూట పక్కన. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఎదురంగడి ఆయన పరిగెత్తుకొచ్చి "సేతిలో ఇనుము పెట్టండప్పా, ఇనుము!" అని కేకలు పెట్టాడట. చుట్టూ అటక దాకా ఇనుమే. ఏది పెట్టాలో తోచక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. చివరికి మా నాయన మొలతాడుకు వేలాడే బీగాల గుత్తి తీసి నా చేతిలో కుక్కాడు. మా వైపు తాళాన్ని బీగం అంటారు. తాళంచెవి కూడా మాటల్లో బీగమే.

తర్వాత ఒకరోజు అడిగాను.

"ఇనుముతో పోయే జబ్బయితే, ఇంత ఇనుము ఉండే ఇంట్లోకి ఎట్ల వచ్చింది నాయనా?"

"సదువుకున్న నోరు ఊరుకుంటాదా!" అన్నాడు మా నాయన, మా అమ్మ వైపు చూసి.

జవాబు అదొక్కటే. మరుసటి వారం నా చేతికి ఇనుప కడియం, తలదిండు కింద ఒక మొల వచ్చి చేరాయి. మా అమ్మ ఇంకో జాగ్రత్త చెప్పింది. "ఎవురన్నా అడిగితే కండ్లు తిరిగి పడినానని సెప్పు. ఆ మాట మాత్రం అనొద్దు మే." ఆ మాట అంటే ఫిట్స్. మా వీధిలో ఆ మాటను గొంతు తగ్గించి అనేవాళ్ళు. చౌడేపల్లె నుంచి ఒక మంత్రగాడు వచ్చి నా చుట్టూ తిరిగి, గాలి సోకిందని తేల్చి, నిమ్మకాయలు కోసి వెళ్ళాడు. గాలి ఎటు నుంచి వచ్చిందో, నన్నే ఎందుకు ఎంచుకుందో చెప్పలేదు. కడియం చేతికి ఉండగానే మళ్ళీ పడ్డాను, ఇంకోసారి పడ్డాను. ఇనుము పని చేయలేదని ఎవరూ అనలేదు. కడియం పలచన అయిందన్నారు, మందమైనది వేశారు.

కుప్పం పోయింది నేను ఇంటరు చదివేటప్పుడు. అక్కడ రైల్వే స్టేషను దగ్గర ఒక చిన్న క్లినిక్కుకు బెంగళూరు నుంచి వారానికోసారి నరాల డాక్టరు వస్తాడని ఎవరో చెప్పారు. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ ఇంకో బస్సు. దారి పొడుగునా మా నాయన నా పక్కన కూర్చుని బీగాల గుత్తి చేతిలో సిద్ధంగా పట్టుకున్నాడు, దొంగను పట్టడానికి కూర్చున్న పోలీసు లాగా. కుప్పం మూడు రాష్ట్రాల మూల కదా, క్లినిక్కు బెంచీ మీద మూడు భాషలు కూర్చుని ఉన్నాయి. తమిళామె వలిప్పు అంటోంది, అంటే గుంజడం. కన్నడామె మూర్ఛె అంటోంది. మావాళ్ళు గాలి సోకింది, దయ్యం పట్టింది అంటున్నారు. ఒక ముసలాయన చేతిలో ఇనుప గొలుసు పట్టుకుని ఉన్నాడు, మనవరాలి కోసం. ఎల్లలు దాటినా ఇనుము మాత్రం మారలేదు.

డాక్టరు నా వంక చూడలేదు. ప్రశ్నలన్నీ మా నాయనకే.

"నిద్రలో వస్తుందా?"

"తెలీదు సార్."

"నాలుక కొరుక్కుంటుందా?"

"కొరుక్కుంటాను," అన్నాను నేను.

ఆయన రాసుకున్నాడు. రాసుకుని తలెత్తి మళ్ళీ మా నాయననే అడిగాడు, "వచ్చే ముందు ఏమైనా తెలుస్తుందా ఆమెకు?" ఆమె అంటే ఎదురుగా కుర్చీలో కూర్చున్న నేను. జబ్బు నాది, నాలుక నాది, సాక్ష్యం మాత్రం మా నాయనది. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ డాక్టరుకు ఒక విషయంలో రుణపడి ఉన్నాను, ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఆయన ఇచ్చిన మాత్రలు పని చేశాయి. మెదడులో కరెంటు ఒక్కోసారి అదుపు తప్పుతుంది, అది లోపలి సంగతి, బయట నుంచి ఏదీ రాదు, మాత్రలు మానకూడదు, అన్నాడు. అది కూడా మా నాయనతోనే అన్నాడు.

"అయితే ఇది ఏం జబ్బు సార్?"

"ఎపిలెప్సీ."

మా నాయన ముఖం విప్పారింది. బయటికి రాగానే నా తల నిమిరాడు. "విన్యావా పాపా! ఫిట్స్ కాదంట. ఎపిలెప్సీ అంట!" ఫిట్స్ అంటే పుంగనూరు సంతలో అందరూ అనే మాట, బజారు మాట. ఎపిలెప్సీ పెద్ద డాక్టరు నోట వచ్చిన మాట, పొడుగ్గా ఉంది, పలకడానికి కాస్త కష్టంగా ఉంది. కాబట్టి గౌరవమైన జబ్బు అయి ఉండాలి. ఆరోజు తిరుగు బస్సులో మా నాయన ఆ మాటను నోట్లో చప్పరిస్తూనే ఉన్నాడు. మరునాడు అంగట్లో గడ్డపార కొనడానికి వచ్చిన వాళ్ళకు కూడా చెప్పాడు. "మా పాపకుండేది ఫిట్స్ కాదప్పా. ఎపిలెప్సీ." వాళ్ళు కూడా తలలూపి, "అట్లనా, మంచిదే!" అన్నారు. కొన్నాళ్ళు మా వీధిలో నాకు మర్యాద పెరిగింది. తర్వాత మందుల షాపాయన ఎవరికో రెండూ ఒకటేనని చెప్పేశాడు. మా నాయన మందుల షాపాయనతో మాట్లాడటం మానేశాడు. నా కడియం చేతికే ఉంది.

నా బతుకుతెరువు మాటల్ని విరగ్గొట్టడం. మదనపల్లెలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ సబ్జెక్టులో సగం పేర్లు గ్రీకువే. పిల్లలు వాటిని చూసి బెదిరిపోతారు. నేను బోర్డు మీద పేరు రాసి మధ్యలో గీత కొడతాను. ఆర్థ్రోపోడా. ఆర్థ్రాన్ అంటే కీలు, పోడోస్ అంటే కాలు. కీళ్ళ కాళ్ళవి, బొద్దింక లాంటివి. ఎకైనోడెర్మేటా. ముళ్ళ చర్మం. నెమటోడా. దారం లాంటివి. విరగ్గొడితే ఏ పేరైనా మన దొడ్లో తిరిగే మాటే. ఎపి అంటే పైన, అదీ ఎన్నోసార్లు చెప్పాను. ఎపిడెర్మిస్ పైచర్మం, ఎపిగ్లాటిస్ గొంతు మీది మూత. నా జబ్బు పేరు కూడా ఎపితోనే మొదలవుతుందని తెలిసీ, ఆ పేరును మాత్రం చాలా కాలం విరగ్గొట్టలేదు. నాకు అదంటే అసహ్యం. మా నాయన నోట్లో నానిన మాట అది.

ఒకరోజు కాలేజీ లైబ్రరీలో లావుపాటి వైద్య నిఘంటువు కనబడితే తీశాను. ఎపి, పైన. లెప్సిస్, పట్టుకోవడం. పైనుంచి వచ్చి మీద పడి పట్టుకోవడం. అంతే. గ్రీకువాళ్ళ దేవుడెవడో పైనుంచి వంగి మనిషి మెడ పట్టుకుంటాడట, మనిషి కింద పడతాడట. ఆ కాలంలోనే అక్కడి వైద్యుల్లో ఒకరిద్దరు ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు, ఇది మెదడు సంగతి అన్నారని కూడా చదివాను. అన్నారు, కానీ పేరు మార్చలేదు. పుస్తకం మూసి ఠపీమని బల్ల మీద పడేశాను. లైబ్రేరియన్ అదిరిపడ్డాడు.

ఇంత పెద్ద గ్రీకు మాట, ప్రపంచంలోని డాక్టర్లందరూ టై కట్టుకుని పలికే మాట, విరగ్గొట్టి చూస్తే ఏముంది లోపల? చౌడేపల్లె మంత్రగాడున్నాడు, చేతిలో నిమ్మకాయ పట్టుకుని. గాలి సోకింది అన్నా ఎపిలెప్సీ అన్నా ఒకటే మాట. మొదటిది రెండు వందల రూపాయల దక్షిణ మాట, రెండోది కన్సల్టేషను ఫీజు మాట. నేను ఇన్నేళ్ళూ పడ్డాను కదా, ఎవరు పట్టుకున్నారో నాకు తెలుసు. పైనుంచి ఏ దేవుడూ రాలేదు. పట్టుకున్నవన్నీ మనుషుల చేతులే. పక్క నుంచి, కాళ్ళ దగ్గర నుంచి, తల దగ్గర నుంచి. అవి పట్టుకున్నప్పుడే నాకు భుజం కీలు తప్పింది, అవి పట్టుకున్నప్పుడే ముందు పన్ను సగం విరిగింది, నోట్లో చెంచా దూర్చబోయి. జబ్బు ఇన్నేళ్ళలో నాలుక చివర తప్ప ఏమీ తీసుకోలేదు. మిగతాదంతా సాయం చేసినవాళ్ళు తీసుకున్నారు.

ఇక ల్యాబు సంగతి.

కాలేజీలో చేరిన కొత్తలో జువాలజీ ల్యాబు తాళంచెవి నా దగ్గరే ఉండేది. పాతకాలపుది, పొడుగ్గా, చివర బోలుగా ఉంటుంది. బ్యాగులో వేసుకుంటే అడుగున బరువుగా తగిలేది. ఆ బరువు నాకు ఇష్టం. చేరిన ఏడాదే ఒక రోజు, మాత్రలు వేసుకుంటున్నా సరే, స్టాఫ్ రూములో పడ్డాను. లేచేసరికి చేతిలో ప్రిన్సిపాల్ గారి తాళాలు ఉన్నాయి. ఆయన వాటిని వేలికి తగిలించుకుని గిరగిర తిప్పుతూ తిరుగుతారు. ఆ గలగల వినబడితే వరండాలో పిల్లలు సర్దుకుంటారు. ఆరోజు ఆయన నా వేళ్ళు విప్పి తన గుత్తి తీసుకున్నారు. మరునాడు పిలిచి నా తాళంచెవి కూడా తీసుకున్నారు.

"మీ మంచికే మేడమ్. లోపల యాసిడ్లు ఉండాయి, గాజు సీసాలు ఉండాయి. మీకేమన్నా అయితే యాడ పరిగెత్తల్ల నేను?"

నా తాళంచెవిని నా ఎదురుగానే తన గుత్తికి ఎక్కించుకున్నారు. అప్పటి నుంచి జువాలజీ లెక్చరరు జువాలజీ ల్యాబులోకి పోకూడదు. ప్రాక్టికల్స్ బోటనీ ఆయన చూసుకుంటాడు. ఆయన చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. ఏడాదంతా ల్యాబు మూసే ఉంటుంది. పరీక్షలకు ముందు తలుపు తీసి, సీసాల మీద దుమ్ము తుడిచి, "చార్టు సూసి గీసుకోండి" అంటాడు. గొర్రె కాలేయంలో ఉండే లివర్ ఫ్లూక్ సీసా చూసి, "ఇది మా సబ్జెక్టే, ఆకు మాదిరిగా ఉండాది" అని పిల్లల ముందు నవ్వాడట. పిల్లలు వచ్చి నాకు చెప్పారు. ఆరోజు అన్నం సయించలేదు.

నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. వరిగడ్డి నానబెట్టిన నీళ్ళలో కొన్నాళ్ళకు పారమీషియం పుడుతుంది. చెప్పు ఆకారపు జీవి అని పుస్తకంలో ఉంటుంది. ఈ పిల్లలు దాని బొమ్మ గీస్తారు, భాగాలు గుర్తిస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, డాక్టర్లవుతామంటారు. అది బతికి ఉండగా ఎలా ఈదుతుందో ఒక్కరూ చూడలేదు. ఒక చుక్క నీళ్ళు, ఒక మైక్రోస్కోపు, ఒక గంట. ప్రతి ఏడూ జూన్‌లో అడిగేదాన్ని. ప్రతి ఏడూ ఆయన గుత్తిని వేలిమీద తిప్పుతూ, "వద్దు మేడమ్, మీ మంచికే" అనేవారు. మీ మంచికే అన్న మాట వింటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరకాలనిపిస్తుంది. మాత్రల వల్ల ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా పడకపోయినా ఆయన మాట మారలేదు. గుత్తిలో మాత్రం నా తాళంచెవి మిగతా వాటికన్నా పొడుగ్గా, ఎప్పుడూ కింద వేలాడుతూ కనబడేది.

ఈ ఏడాది వానలు మొదలైన రోజుల్లో జ్వరం వచ్చింది. మాత్రలు వేసుకుంటే వాంతిలో పోయేవి. సెలవు పెట్టాల్సింది. పెట్టలేదు, పాఠాలు వెనకబడ్డాయని మొండిగా పోయాను. కణజాలాల పాఠం. బోర్డు మీద ఎపిథీలియం అని రాసింది గుర్తుంది. గీత కొట్టడానికి సుద్దముక్క ఎత్తింది గుర్తుంది.

తర్వాత వేళ్ళు. ఎవరో నా వేళ్ళు విప్పుతున్నారు.

బొటనవేలు అప్పటికే విప్పేశారు. చూపుడు వేలి దగ్గర ఉన్నారు. కళ్ళు తెరవలేదు, నోరు పెగల్లేదు, నేను ఎవరో కూడా ఇంకా సరిగ్గా తెలియదు. కానీ నా అరచేతికి ఒకటి తెలిసింది. పొడుగ్గా ఉంది, చివర బోలుగా ఉంది. అది నాది. బొటనవేలు మళ్ళీ మడిచాను. విప్పుతున్న చెయ్యి ఆగింది.

"ఇంకా తెలివి రాలేదు. కొంచేపు ఉండనీండి," అంది ప్రిన్సిపాల్ గారి గొంతు.

స్టాఫ్ రూము బెంచీ మీద ఉన్నాను. ఆయా నా మొహం తడిగుడ్డతో తుడిచింది. తలుపు దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు, కొందరు ఆడపిల్లలు ఏడుస్తున్నారు. ఎవరి చెప్పో బెంచీ కింద తిరగబడి ఉంది, అంటే ముక్కు దగ్గర అది కూడా అయిందన్నమాట. ఆఫీసు గదిలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ గదికి తాళం, ఆ తాళంచెవి నా గుప్పిట్లో. ప్రిన్సిపాల్ గారి స్కూటరు తాళం, బీరువా తాళం, అన్నీ నా గుప్పిట్లోనే. ఆయన నా తల దగ్గరే నిలబడి ఉన్నారు. వేలిమీద తిప్పడానికి ఏమీ లేక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. చాలాసేపు అట్లాగే నిలబెట్టాను. తల పగిలిపోతున్నా సరే, ఆ సేపు నాకు హాయిగా ఉంది.

లేచి కూర్చుని నీళ్ళు తాగాక ఆయన అరచెయ్యి చాపారు. "ఇచ్చేయండి మేడమ్."

"ఎవరు పెట్టినారు సార్ నా చేతిలో?" నాలుక వాచి మాట ముద్దగా వచ్చింది.

"నేనే మేడమ్. పడినారని తెలీగానే పరిగెత్తుకొచ్చి పెట్టినాను. అందుకే గదా నిలిచింది!" పిల్లలందరికీ వినబడేట్టు అన్నారు.

"బీగాలు చేతిలో ఉంటే నిలుస్తాదంటారు."

"నిలుస్తాది. మా అమ్మ కాలం నుంచి సూస్తాండాం. ఇంకేం కావల్ల?"

"అయితే ల్యాబులో నాకేం భయం లేదు సార్. ఆ బీగం నా చేతిలోనే ఉంటాది గదా."

"అది వేరే మేడమ్, ఇది వేరే."

"ఎట్ల వేరే?"

ఆయా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇనుము పని చేయదంటే ఇప్పుడే చేసిన ఘనకార్యం నీళ్ళ పాలవుతుంది, వాళ్ళమ్మ కూడా అబద్ధమవుతుంది. పని చేస్తుందంటే ల్యాబు నాది. మింగలేక కక్కలేక ఆయన స్కూటరు తాళం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన మీద నాకు జాలి కలగలేదు. కలిగి ఉంటే బాగుండునని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళుగా నా చేతిలో పెట్టిన ప్రతి ఇనుపముక్కా ఎవరో విప్పుకుని తీసుకుపోయారు. నేను ఏ ఒక్కదాన్నీ అడిగి పెట్టించుకోలేదు.

గుత్తి ఒళ్ళో పెట్టుకుని, గోరు దూర్చి రింగు విడదీశాను. పొడుగు తాళంచెవి జారి వచ్చింది. దాన్ని బ్యాగులో వేసుకున్నాను. మిగతా గుత్తి ఆయన అరచేతిలో పెట్టాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయిందని ఆయన అనుకుని ఉండవచ్చు. అనుకోనీ. ఆరోజు ఆయా నన్ను ఇంటి దాకా నడిపించుకొచ్చింది. దారిలో, "బలే అడిగితివమ్మా!" అని ఒక్కటే మాట అంది. జ్వరం తగ్గేదాకా పడుకున్నాను, మాత్రలు సరిచూసుకున్నాను, కుప్పం క్లినిక్కుకు ఫోను చేసి కనుక్కున్నాను.

ల్యాబు తలుపు తెరవడానికి భుజంతో తోయాల్సి వచ్చింది. ఫార్మలిన్ వాసన, దుమ్ము, సీసాల మధ్య సాలెగూళ్ళు. నేను తుడిచాను, పిల్లలు తుడిచారు. ప్రిన్సిపాల్ గారు వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచారు, గలగల వినబడింది, లోపలికి రాలేదు. వరిగడ్డి నీళ్ళు ఇంట్లోనే సిద్ధం చేసుకుని డబ్బాలో తెచ్చాను. ఒక చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు సరిచేసి, ముందు వరసలో కూర్చునే వాల్మీకిపురం అమ్మాయిని పిలిచాను. ఆ పిల్ల ఒక కన్ను మూసి చూసింది, ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, మళ్ళీ వంగింది. "మేడమ్, పరిగెత్తాండాది మేడమ్! తిరుగుకుంటా పరిగెత్తాండాది!" అని అరిచింది. వెనకాల తోపులాట మొదలైంది.

అందరూ చూశాక బోర్డు మీద ఎపిలెప్సీ అని రాశాను. మధ్యలో గీత కొట్టాను. ఎపి, పైన. లెప్సిస్, పట్టుకోవడం. "పైనుంచి ఏదో వచ్చి పట్టుకుంటుందని గ్రీకువాళ్ళ నమ్మకం. తప్పు. పరీక్షలో అడిగితే రాయండి, నమ్మొద్దు," అన్నాను. తర్వాత చేయాల్సింది చెప్పాను. ఈసారి నేను పడితే ఎవరూ పట్టుకోవద్దు, అదమొద్దు. పక్కనున్న గాజు సామాను జరపండి. తల కింద మెత్తగా ఏదన్నా పెట్టండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ దూర్చొద్దు, ముక్కు దగ్గర చెప్పు పెట్టొద్దు. ఎంతకీ ఆగకపోతే అంబులెన్సుకు ఫోను చేయండి.

వాల్మీకిపురం అమ్మాయి శ్రద్ధగా రాసుకుంటోంది. తలెత్తి అడిగింది, "మరి చేతిలో ఏం పెట్టల్ల మేడమ్?"

"ఏమీ పెట్టొద్దు," అన్నాను. "పెడితే తిరిగి ఇవ్వను."